రైల్లో స్కాండినేవియా: కాఫీ కోసం వెళ్లేవాళ్లకి ఒక దారి, కిటికీ కోసం వెళ్లేవాళ్లకి ఇంకో దారి

స్కాండినేవియాకి ప్లాన్ వేసుకున్నవాళ్ల లిస్టులు చాలావరకు ఒకేలా ఉంటాయి. వారం రోజులు, మూడు దేశాలు (డెన్మార్క్, స్వీడన్, నార్వే), ఐదు ఊళ్లు. మ్యాపులో కోపెన్‌హాగెన్, స్టాక్‌హోమ్, ఓస్లో, బెర్గెన్ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి కాబట్టి ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. తీరా చూస్తే కోపెన్‌హాగెన్ నుంచి స్టాక్‌హోమ్‌కి వేగంగా వెళ్లే రైలుకే ఐదు గంటల పైన పడుతుంది. అక్కణ్నుంచి ఓస్లోకి మరో ఐదారు గంటలు. ఓస్లో నుంచి బెర్గెన్‌కి ఇంకో ఆరున్నర, ఏడు గంటలు. ఇవన్నీ పగటిపూట ప్రయాణాలే. ఊరు చేరి, హోటల్లో సామాను పడేసి బయటికొచ్చేసరికి సాయంత్రం అవుతుంది. అక్కడ పేరున్న కాఫీ షాపులు చాలావరకు సాయంత్రం ఐదు, ఆరు గంటలకల్లా మూసేస్తారు.

అందుకే హోటళ్లూ టికెట్లూ చూడకముందే ఒకటి తేల్చుకోవాలి. రైలు మీకు చూడ్డానికా, చేరడానికా? ఊళ్లలో తిరుగుతూ తినడానికీ, కాఫీ తాగడానికీ వెళ్తున్నవాళ్లు పొడవాటి రైలు ప్రయాణాల జోలికి పోకపోవడమే మేలు. కిటికీ పక్కన కూర్చుని కొండలూ మంచూ చూడాలనుకునేవాళ్లు ఊళ్లు తగ్గించుకోవాలి. రెండూ ఒకే వారంలో కుక్కితే రెండూ సగం సగమే అవుతాయి.

ఇక్కడ నాలుగు దారులు పోలుస్తున్నాను: కోపెన్‌హాగెన్–మాల్మో జంట నగరాలు, కోపెన్‌హాగెన్ నుంచి గోథెన్‌బర్గ్ మీదుగా ఓస్లో వెళ్లే పడమటి తీరం దారి, మూడు రాజధానుల దారి, ఓస్లో–బెర్గెన్ కొండ దారి.

## ముందు చూసుకోవాల్సినవి

మొదటిది స్టేషన్ నుంచి తిండి ఎంత దూరం అన్నది. కోపెన్‌హాగెన్ సెంట్రల్ స్టేషన్ బయటికొస్తే రోడ్డు అవతలే 1843 నుంచి నడుస్తున్న టివోలీ పార్కు. స్టేషన్ వెనక వైపు పది నిమిషాలు నడిస్తే ఒకప్పటి మాంసం మార్కెట్ వీధులు, ఇప్పుడన్నీ హోటళ్లు. మాల్మోలో స్టేషన్ నుంచి ఫుడ్ హాల్‌కి నడిచే వెళ్లొచ్చు. గోథెన్‌బర్గ్, ఓస్లోల్లో మంచి కాఫీ వీధికి ట్రామ్ ఎక్కాలి, లేదా ఇరవై నిమిషాలకు అటూ ఇటూ నడవాలి.

రెండోది కాఫీ. ఇక్కడ మనవాళ్లు చాలామంది నిరాశ పడతారు. స్కాండినేవియా కాఫీకి ఇంత పేరొచ్చింది తేలిగ్గా వేయించిన గింజల వల్ల. పాలూ పంచదారా లేకుండా, టీ రంగులో, పుల్లగా, పండ్ల వాసనతో ఉంటుంది. చికోరీ కలిపిన చిక్కటి డికాక్షన్‌కి అలవాటుపడ్డ నాలుకకి మొదటి గుక్క "ఇదేంటి, నీళ్లలా ఉంది" అనిపించడం సహజం. అరకు కాఫీని పాలు లేకుండా తాగే అలవాటున్నవాళ్లకి మాత్రం ఇది పండగే. పాలు లేకపోతే కుదరదనుకుంటే కోర్టాడో గానీ ఫ్లాట్ వైట్ గానీ అడగండి. స్వీడన్‌లో మామూలు కెఫేల్లో పోసే ఫిల్టర్ కాఫీ కాస్త ముదురు వేపుడు. పాలు పక్కన కౌంటర్ మీదే పెట్టి ఉంటాయి, చాలాచోట్ల రెండో కప్పు ఉచితం, లేదా కొద్ది డబ్బులకే ఇస్తారు.

మూడోది, మీరు ఏం తినరన్నది. శాకాహారులకి డెన్మార్క్, స్వీడన్ తేలిక. నార్వేలో వెతుక్కోవాలి. గొడ్డు మాంసం, పంది మాంసం తిననివాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే స్వీడన్ మీట్‌బాల్స్‌లో చాలావరకు రెండూ కలిసే ఉంటాయి. డెన్మార్క్ వీధిబండ్ల హాట్‌డాగ్ పంది మాంసంతో చేసేది. గురువారాల్లో స్వీడన్ హోటళ్లు పెట్టే బఠాణీ సూప్ చూడ్డానికి పప్పులా ఉన్నా అందులో పంది మాంసం వేస్తారు. బోర్డు మీద స్వీడిష్‌లో ఫ్లస్క్, డేనిష్‌లో స్వీన, ఫ్లెస్క్, నార్వేజియన్‌లో స్వీన్ కనిపిస్తే అది పంది. స్వీడిష్‌లో నోట్, డేనిష్‌లో ఓక్స, నార్వేజియన్‌లో స్టూర్‌ఫె అంటే గొడ్డు మాంసం. అడిగితే అందరూ ఇంగ్లీషులో ఓపిగ్గా చెప్తారు, మొహమాటపడక్కర్లేదు.

ఇక డబ్బు. మూడు దేశాలకీ మూడు క్రోన్లు, యూరో ఎక్కడా లేదు. డెన్మార్క్ క్రోన్ విలువ స్వీడన్, నార్వే క్రోన్‌లకి సుమారు ఒకటిన్నర రెట్లు. కోపెన్‌హాగెన్‌లో 45, మాల్మోలో 45 అని రాసి ఉంటే రెండూ ఒక ధర కాదన్నమాట. స్వీడన్‌లో నోట్లు తీసుకోని షాపులు ఎన్నో ఉన్నాయి కాబట్టి కార్డు తప్పనిసరి. మంచినీళ్లకి మాత్రం ఎక్కడా డబ్బు పెట్టొద్దు, కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు.

| | కోపెన్‌హాగెన్–మాల్మో | పడమటి తీరం | మూడు రాజధానులు | ఓస్లో–బెర్గెన్ |
|---|---|---|---|---|
| కనీసం ఎన్ని రోజులు | 4 | 7 | 9 | 5 |
| రైల్లో కూర్చునే సమయం | సుమారు 40 నిమిషాలు | 4 గంటల లోపు చొప్పున రెండు ప్రయాణాలు | 5–6 గంటల చొప్పున రెండు ప్రయాణాలు | ఒక వైపు 6.5–7 గంటలు |
| కిటికీలో | సముద్రం, వంతెన | తీరం, పొలాలు, చిన్న ఊళ్లు | అడవి, చెరువులు | కొండలు, మంచు, లోయలు |
| కాఫీ | చాలా బాగు | అన్నిటికన్నా బాగు | బాగు | ఓస్లోలో బాగు, బెర్గెన్‌లో పర్వాలేదు |
| శాకాహారం | తేలిక | తేలిక, ఓస్లోలో ఖర్చు | తేలిక | కష్టం |
| ముందే టికెట్ తీయాలా | అక్కర్లేదు | ఓస్లో రైలుకి మంచిది | తప్పకుండా | తప్పకుండా |

## కోపెన్‌హాగెన్–మాల్మో: తక్కువ రోజులు, ఎక్కువ తిండి

నాలుగు రోజులే సెలవు దొరికితే ఇంకేం ఆలోచించొద్దు, ఇదే. 2000 జులైలో ఓరెసుండ్ వంతెన తెరిచాక ఈ రెండు ఊళ్లూ దాదాపు ఒకే ఊరయ్యాయి. రైలు డెన్మార్క్ వైపు నాలుగు కిలోమీటర్లు సముద్రం అడుగున సొరంగంలో వెళ్తుంది, తర్వాత ఆ పనికోసమే కట్టిన ఒక దీవి మీద పైకి తేలుతుంది, అక్కణ్నుంచి దాదాపు ఎనిమిది కిలోమీటర్ల వంతెన. చీకట్లోంచి ఒక్కసారిగా రెండు పక్కలా నీళ్లు కనపడే ఆ క్షణం కోసం కిటికీ సీటు చూసుకోండి. కార్ల రోడ్డు పైన, రైలు కింది అంతస్తులో కాబట్టి ఇనుప దూలాల మధ్య నుంచే చూడాలి, ఫోటోలు అంత బాగా రావు.

విమానాశ్రయం స్టేషన్ కూడా ఇదే లైను మీద, రెండు ఊళ్లకీ మధ్యలో ఉంది. కోపెన్‌హాగెన్‌లో దిగి మాల్మోలో బస చేసేవాళ్లు ఎక్కువే. హోటల్ అద్దె మాల్మోలో సాధారణంగా తక్కువ. కానీ రోజూ వంతెన దాటే రైలు ఖర్చు, స్వీడన్‌లోకి వచ్చేటప్పుడు హుల్లీ స్టేషన్ దగ్గర పత్రాల తనిఖీ కలుపుకుంటే ఆ మిగులు కరిగిపోతుంది. ఇద్దరికి మించి ఉంటే లెక్క వేసి చూసుకోండి. పాస్‌పోర్టు హోటల్లో వదిలేసి మాత్రం వంతెన దాటొద్దు.

కోపెన్‌హాగెన్‌లో తిండికి నూరెపోర్ట్ స్టేషన్ పక్కన టోర్వెహల్లెర్న అని రెండు గాజు హాళ్లున్నాయి, 2011లో తెరిచారు. సెంట్రల్ స్టేషన్ నుంచి లోకల్ రైల్లో రెండో స్టాపు. డెన్మార్క్ వాళ్ల మధ్యాహ్న భోజనం స్మూర్‌బ్రూడ్ ఇక్కడ చూసి ఎంచుకోవచ్చు. నల్లటి, బరువైన, కాస్త పులుపున్న రై రొట్టె పల్చటి ముక్క, దాని మీద అంచుల దాకా వెన్న, ఆ పైన రొయ్యలూ గుడ్డూ, లేదా వెనిగర్‌లో ఊరిన హెర్రింగ్ చేప, లేదా ఉడికిన బంగాళదుంప బిళ్లలూ వేయించిన ఉల్లిపాయలూ. బంగాళదుంపది శాకాహారులకి మంచిదే, కాకపోతే ఆ కరకరలాడే ఉల్లిపాయల్లో పంది మాంసం తునకలు కలపలేదు కదా అని ఒక మాట అడగాలి. చేత్తో తినరు, చాకూ ఫోర్కూ పెడతారు. రెండు ముక్కలకే కడుపు నిండిపోతుంది.

నూరెబ్రో పేటలో యేయర్స్‌బోర్గేడ్ అనే చిన్న వీధిలో ఒక పూట గడపొచ్చు. కాఫీ కలెక్టివ్ అనే పేరున్న కాఫీ కంపెనీ వాళ్లు మొదలుపెట్టింది ఆ వీధిలోనే. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన క్లాస్ థామ్సెన్ 2006లో ప్రపంచ బరిస్టా (కెఫేలో కాఫీ తయారుచేసేవాళ్ల) పోటీ గెలిచారు. అదే వీధిలో గ్రూడ్ అని జావ మాత్రమే అమ్ముతూ మొదలైన హోటల్ ఉంది. పొద్దున పూట ఓట్స్ జావ మీద ఆపిల్ ముక్కలూ క్యారమెలూ వేసి ఇస్తారు. చలికాలం ఉదయం శాకాహారులకి ఇంతకన్నా మంచి టిఫిన్ ఆ ఊళ్లో దొరకడం కష్టం.

మాల్మో విషయానికొస్తే, అక్కడ తినాల్సింది స్వీడన్ వంట కాదు, ఫలాఫెల్. పశ్చిమాసియా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ముల్లెవోంగెన్ పేట చుట్టూ పెట్టిన చిన్న చిన్న కొట్లలో శనగల ఫలాఫెల్‌ని రొట్టెలో చుట్టి, వెల్లుల్లి సాస్ వేసి ఇస్తారు. స్కాండినేవియా మొత్తం మీద శాకాహారికి చవగ్గా, కారంగా, కడుపు నిండా దొరికే భోజనం ఇదే. స్వీడన్‌లో అడుగుపెట్టి ఫలాఫెల్ ఏంటని కొందరంటారు. మాల్మో వాళ్లని అడిగితే తమ ఊరి వంట ఇదేనంటారు.

## పడమటి తీరం: నా ఓటు దీనికే

వారం రోజులుండి, కాఫీ మీద నిజంగా ఇష్టం ఉంటే కోపెన్‌హాగెన్–గోథెన్‌బర్గ్–ఓస్లో దారి పట్టండి. ఎక్కడా నాలుగు గంటలకి మించి రైల్లో కూర్చోనక్కర్లేదు. పొద్దున్నే తిని బయల్దేరితే మధ్యాహ్నం కాఫీకి ఇంకో ఊళ్లో ఉంటారు.

కోపెన్‌హాగెన్ నుంచి గోథెన్‌బర్గ్‌కి వెళ్లేది ఓరెసుండ్ రైలే, మాల్మో, లుండ్, హెల్సింగ్‌బోర్గ్ దాటి తీరం వెంట పైకి పోతుంది. సీటు రిజర్వేషన్ లేదు. శుక్రవారం సాయంత్రం, ఆదివారం సాయంత్రం ఎక్కితే నిలబడాల్సి రావచ్చు. లోపల కెఫే ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు, స్టేషన్లోనే కాఫీ, బన్ను కొనుక్కుని ఎక్కాలి. దారిలో హల్లాండ్స్ఓస్ కొండ కింద ఒక సొరంగం వస్తుంది. ఎనిమిదిన్నర కిలోమీటర్ల పైచిలుకు, రైలు నిమిషాల్లో దాటేస్తుంది. 1992లో పని మొదలుపెట్టి 2015 డిసెంబరుకి గానీ పూర్తి చెయ్యలేకపోయారు. కొండలోంచి నీళ్లు ఊరుతుంటే వాటిని ఆపడానికి వాడిన రసాయనం 1997లో చుట్టుపక్కల బావుల్లోకీ వాగుల్లోకీ దిగి పెద్ద గొడవై, పని ఏళ్ల తరబడి ఆగింది. స్వీడన్ వాళ్లు కూడా ప్రాజెక్టులు సాగదీస్తారన్నమాట!

గోథెన్‌బర్గ్‌ని చాలా ప్లాన్లలో కొట్టేస్తారు, చూడ్డానికి పెద్దగా ఏం లేదని. నిజమే, స్టాక్‌హోమ్‌లా రాజభవనాలు లేవు. తిరగడానికి, తినడానికి, ఊరికే కూర్చోడానికి మాత్రం ఇది స్వీడన్‌లో నాకు నచ్చిన ఊరు. ట్రామ్‌లు ఊరంతా తిరుగుతాయి. హాగా పేటలో కింది అంతస్తు రాయి, పై రెండంతస్తులూ చెక్కతో కట్టిన పాత ఇళ్లు, వాటి కింద వరసగా కెఫేలు. పళ్లెమంత దాల్చినచెక్క బన్నులు ఇక్కడి ప్రత్యేకం. ముగ్గురు పంచుకోవచ్చు. కానీ నన్నడిగితే దాన్ని ఫోటో తీసుకుని, తినడానికి యాలకుల బన్ను అడగండి. మంచి బేకరీలో యాలకులని మెత్తటి పొడి చెయ్యరు, కచ్చాపచ్చాగా దంచుతారు. ముడి వేసిన పిండి మీద ఆ నల్ల గింజలు పంచదారతో కలిసి అంటుకుని ఉంటాయి, కొరికితే పంటి కింద చిట్లి ఘాటు ముక్కులోకి వస్తుంది. మనం పాయసంలో వేసేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వేస్తారు. పక్కన పాలు లేని ఫిల్టర్ కాఫీ ఉంటేనే ఆ తీపికి సరిపోతుంది. మధ్యాహ్నం మూడింటికి ఆఫీసులవాళ్లంతా పని ఆపి ఇలా కూర్చునే అలవాటునే ఫీకా అంటారు. ఆ వేళకి కెఫేలో కుర్చీ దొరకడం కష్టం, ఓ అరగంట ముందే చేరండి.

చేపలు తినేవాళ్లకి కాలువ పక్కన ఫెస్కెషోర్కా ఉంది. 1874లో కట్టిన చేపల మార్కెట్, చూడ్డానికి అచ్చం చర్చిలా ఉంటుంది. చాలాకాలం మరమ్మతులకి మూసి 2024లో మళ్లీ తెరిచారు. రొయ్యల శాండ్‌విచ్‌లో రొయ్యలు లెక్కపెట్టలేనన్ని వేస్తారు.

గోథెన్‌బర్గ్ నుంచి ఓస్లోకి రైలు నెమ్మది. కార్లో వెళ్లినా దాదాపు అంతే సమయం, అందుకని స్థానికులే ఈ రైలు గురించి సణుగుతుంటారు. సరిహద్దు దగ్గర హాల్డెన్‌లో కొండ మీద కోట ఉంది, దాన్ని కిటికీలోంచి చూసి ఊరుకోవచ్చు. రోజుకి ఉన్నవి కొన్ని రైళ్లే కాబట్టి టైము ముందే చూసుకుని, తిండి వెంట తీసుకెళ్లండి.

ఓస్లోలో కాఫీ అంటే గ్రూనెర్‌లొక్కా పేట. టిమ్ వెండెల్‌బో 2004లో ప్రపంచ బరిస్టా విజేత, 2007లో ఇక్కడ చిన్న కాఫీ బార్ పెట్టారు. అక్కడే గింజలు వేయిస్తారు. లాప్‌టాప్ తెరుచుకుని రెండు గంటలు కూర్చునే చోటు కాదు, తాగి లేవాలి. అక్కణ్నుంచి నది దాటితే మాథాల్లెన్ ఫుడ్ హాల్. ఓస్లోలో రెండు పూటలా హోటల్లో తింటే జేబుకి చిల్లే. ఒక పూట సూపర్ మార్కెట్ రొట్టె, పెరుగు, పండ్లతో సరిపెట్టుకుని ఆ డబ్బు కాఫీకీ వాఫల్‌కీ పెట్టడం మంచిది. వాఫల్ హృదయం ఆకారంలో, మెత్తగా ఉంటుంది. దాని మీద బ్రూనోస్ట్ అనే గోధుమ రంగు చీజ్‌ని రేకులా గీసి పరుస్తారు. పాలు విరిచి చీజ్ తీసేశాక మిగిలిన నీళ్లని గంటల తరబడి మరగబెట్టి చేస్తారు దాన్ని. అందులోని తీపి మాడి రంగు తేలుతుంది. రుచి అడుగంటిన పాలకోవాలో ఉప్పు వేసినట్టు ఉంటుంది. కొందరికి రెండో రేకు దిగదు, కొందరు అర కిలో దిమ్మ కొని ఇంటికి తెచ్చుకుంటారు.

## మూడు రాజధానులు: తొమ్మిది రోజులుంటేనే

కోపెన్‌హాగెన్, స్టాక్‌హోమ్, ఓస్లో మూడూ చూశామని చెప్పుకోవడానికి ఇది బాగుంటుంది. రైలు కోసమైతే కాదు. కోపెన్‌హాగెన్–స్టాక్‌హోమ్ దారిలో మలుపుల దగ్గర పక్కకి వాలే ఎక్స్ 2000 రైలు 1990 నుంచి స్వీడన్‌లో నడుస్తోంది. హాయిగా ఉంటుంది, బిస్ట్రో పెట్టె ఉంటుంది, మాట్లాడకూడని నిశ్శబ్దపు బోగీ కూడా ఉంటుంది. పిల్లలతో వెళ్తే పొరపాటున ఆ బోగీలో సీటు తీసుకోవద్దు. బయట మొదటి గంట బాగుంటుంది. తర్వాత దేవదారు లాంటి చెట్లు, ఒక చెరువు, మళ్లీ చెట్లు. స్టాక్‌హోమ్–ఓస్లో కూడా అంతే.

స్టాక్‌హోమ్ ఊరు మాత్రం విలువైనదే. స్టేషన్ నుంచి ఐదు నిమిషాల నడకలో వేటె-కాటెన్ అనే 1928 నాటి కెఫే ఉంది. గదిలోంచి గదిలోకి వెళ్లే పాత ఇల్లులా ఉంటుంది, పెద్దవాళ్లకి నచ్చుతుంది. ఊస్టెర్మాల్మ్ మార్కెట్ హాలు 1888 నాటిది, అందంగా ఉంటుంది, ధరలు కూడా దానికి తగ్గట్టే. తక్కువలో తినాలంటే పని దినాల్లో పదకొండు నుంచి రెండింటి దాకా పెట్టే డాగెన్స్ లంచ్ ఒక్కటే మార్గం. సుమారు 120 నుంచి 160 క్రోనార్లకి ఒక వంటకం, సలాడ్, రొట్టె, చివర్లో కాఫీ. శాకాహార వంటకం ఒకటి దాదాపు ఎప్పుడూ ఉంటుంది. అదే హోటల్లో రాత్రి భోజనం రెట్టింపుకి తక్కువ కాదు. స్వీడన్‌లో ఎక్కడికెళ్లినా మధ్యాహ్నం పెద్ద భోజనం, రాత్రి తేలిగ్గా అన్న పద్ధతి పెట్టుకుంటే సగం ఖర్చు తగ్గుతుంది. సోడెర్మాల్మ్ గుట్ట అంచున హెర్మాన్స్ అనే శాకాహార బఫే ఉంది. వరండాలో కూర్చుంటే ఊరూ నీళ్లూ కిందంతా కనిపిస్తాయి.

స్టాక్‌హోమ్‌లో చుట్టాలో స్నేహితులో ఉంటే లెక్క మారిపోతుంది. షిస్టా చుట్టుపక్కల ఐటీ ఉద్యోగాల్లో మనవాళ్లు చాలామందే ఉన్నారు. రాత్రి భోజనం, పడక ఇంట్లోనే అయితే ఈ దారి ఒక్కసారిగా అన్నిటికన్నా చవక కావచ్చు. అలాంటివాళ్లకి ఒక చిట్కా: ఓస్లో వదిలేసి కోపెన్‌హాగెన్–గోథెన్‌బర్గ్–స్టాక్‌హోమ్ వెళ్లండి. గోథెన్‌బర్గ్–స్టాక్‌హోమ్ మధ్య మూడు గంటలే, ఒకటి కన్నా ఎక్కువ కంపెనీలు పోటీగా నడుపుతాయి కాబట్టి ముందే తీస్తే టికెట్లు బాగా తక్కువకి దొరుకుతాయి.

## ఓస్లో–బెర్గెన్: రైలు కోసమే వెళ్లేవాళ్లకి

తిండి పక్కన పెట్టి రైలొక్కటే చూస్తే మిగతా మూడు దారులూ దీని ముందు నిలవవు. 1909లో మొదలైన ఈ లైను ఓస్లోలో సముద్ర మట్టం నుంచి బయల్దేరి అడవులూ చెరువులూ దాటి, యేయ్‌లో తర్వాత చెట్లే లేని పీఠభూమి మీదికి ఎక్కుతుంది. ఫిన్సె స్టేషన్ 1,222 మీటర్ల ఎత్తులో ఉంది. దానికి రోడ్డు లేదు, రైల్లోనే రావాలి. జూన్‌లో కూడా పట్టాల పక్కన మంచు కనపడొచ్చు. రైలు ఆగిన రెండు మూడు నిమిషాల్లో జనం దిగి ఫోటోలు తీసుకుని పరుగున ఎక్కుతారు. ఓస్లో నుంచి వెళ్లేటప్పుడు ఎడమ వైపు కిటికీ మేలు.

కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ (ఫ్యోర్డ్) ఒడ్డున ఉన్న ఫ్లామ్ అనే చిన్న ఊరికి వెళ్లాలా వద్దా అన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న. ఇదే లైను మీద మీర్డాల్ స్టేషన్లో దిగి వేరే రైలెక్కితే 20 కిలోమీటర్లలో 866 మీటర్ల ఎత్తు నుంచి ఫ్యోర్డ్ ఒడ్డుకి దింపుతుంది, దాదాపు గంట పడుతుంది. మధ్యలో షూస్‌ఫోసెన్ జలపాతం దగ్గర ఆపుతారు. అక్కణ్నుంచి పడవలో గుడ్‌వాంగెన్, బస్సులో వోస్, మళ్లీ రైల్లో బెర్గెన్. పొద్దున్నే బయల్దేరితే రాత్రికి చేరతారు. అందంగా ఉంటుంది, ఖర్చూ ఎక్కువే. వేసవిలో క్రూయిజ్ ఓడలు వచ్చిన రోజు ఆ చిన్న ఊరు తిరునాళ్లే. అరవై దాటినవాళ్లని సామానుతో నాలుగు వాహనాలు మార్పించడం మంచిది కాదు. వాళ్లతో వెళ్తే నేరుగా బెర్గెన్ రైల్లో కూర్చోబెట్టండి, ఫ్లామ్ చూడకపోయినా లోటేం ఉండదు. చిన్నపిల్లలుంటే ఆడుకునే చోటున్న ఫ్యామిలీ బోగీ అడిగి తీసుకోండి.

రైల్లో కెఫే ఉంది, ఏదో ఒకటి వేడిగా దొరుకుతుంది. ఏడు గంటల ప్రయాణానికి దాన్నే నమ్ముకోవద్దు. పులిహోర డబ్బా తీసుకెళ్లేవాళ్లని చూసి నవ్వేవాళ్లే దారిలో గోల్ స్టేషన్ దాటాక దాని వైపు చూస్తారు.

బెర్గెన్‌లో చేప తినేవాళ్లకి మీగడ, కూరముక్కలూ వేసిన తెల్లటి చేపల సూప్ ఉంది, కారం లేకపోయినా చల్లటి వానలో బాగుంటుంది. వాన ఉంటుంది, అందులో సందేహం లేదు. ఏడాదిలో 200 రోజులకి పైగా కురిసే ఊరది. రేవు దగ్గర చేపల మార్కెట్ ధరలు పర్యాటకుల కోసం పెట్టినవి. చూసి, సూప్ మాత్రం ఓ రెండు వీధులు లోపలికి వెళ్లి తాగండి. స్కిల్లింగ్స్‌బొల్లె అనే, చుట్టలా చుట్టిన దాల్చినచెక్క బన్ను ఈ ఊరిదే. శాకాహారులకి బేకరీలూ, పిజ్జా, ఒకటో రెండో భారతీయ హోటళ్లూ తప్ప పెద్దగా ఆనందం ఉండదు. వాళ్లు బెర్గెన్‌లో ఒక రాత్రి చాలనుకోవచ్చు.

ఇంకా పైకి, స్టాక్‌హోమ్ నుంచి ధ్రువ వృత్తం దాటి నార్విక్ దాకా రాత్రి రైలు ఉంది కదా అని అడిగేవాళ్లుంటారు. పద్దెనిమిది గంటలకి పైన. అది వేరే యాత్ర, కాఫీ ప్రయాణంలో కలపొద్దు.

## పాసా, టికెట్లా?

చాలా దేశాల రైళ్లలో చెల్లే పాస్ ఇండియా నుంచి వెళ్లేవాళ్లకి యూరెయిల్, యూరప్‌లో ఉంటున్నవాళ్లకి ఇంటర్‌రెయిల్. పై దారుల్లో మొదటిదానికి పాస్ దండగ. పడమటి తీరానికి కూడా చాలాసార్లు విడి టికెట్లే చవక. మూడు రాజధానులకి బెర్గెన్ కూడా కలిపితే పాస్ గురించి ఆలోచించొచ్చు, కానీ స్వీడన్ వేగపు రైళ్లకీ నార్వే దూరప్రయాణపు రైళ్లకీ సీటు రిజర్వేషన్ డబ్బు విడిగా కట్టాలి. ఫ్లామ్ రైలు పాస్‌లో కలవదు, తగ్గింపు మాత్రం ఇస్తారు. పాస్ లాభం ధరలో కన్నా స్వేచ్ఛలో ఉంది. తేదీలు అటూ ఇటూ అయ్యే అవకాశం ఉన్నవాళ్లే తీసుకోవాలి.

## ఎప్పుడు, ఏ వరసలో

మే చివర, సెప్టెంబరు మొదట్లో అన్ని దారులూ బాగుంటాయి. జూన్ 19–26 మధ్య వచ్చే మిడ్‌సమ్మర్ పండగ శుక్ర, శనివారాల్లో స్వీడన్ దాదాపు మూతపడుతుంది. జులైలో స్వీడన్ వాళ్లంతా సెలవులకి పోతారు, చిన్న మంచి హోటళ్లు, బేకరీలు కొన్ని వారాల పాటు తాళం వేసుకుంటాయి. నార్వేలో పట్టాల మరమ్మతులు కూడా వేసవిలోనే పెట్టుకుంటారు, ఓస్లో చుట్టుపక్కల రైలు బదులు బస్సు ఎక్కిస్తారు. బెర్గెన్ దారికి జులై తేదీలు పెట్టుకునేవాళ్లు ఆ రోజుల్లో లైను మొత్తం నడుస్తోందో లేదో చూసుకున్నాకే హోటల్ తీసుకోవాలి. డిసెంబరులో ఓస్లో, స్టాక్‌హోమ్‌లలో వెలుతురు ఆరు గంటలే. కాఫీ షాపులకి అది మంచి కాలం, కొండ రైలుకి మాత్రం టైము జాగ్రత్తగా ఎంచుకోకపోతే ఫిన్సె చీకట్లో దాటిపోతుంది. ఫిబ్రవరిలో స్వీడన్ వెళ్తే సెమ్లా దొరుకుతుంది. యాలకుల బన్ను తల కోసి, బాదం ముద్ద పెట్టి, మీగడ నింపిన తిండి, ఎక్కువగా ఈస్టర్ ఉపవాసాల ముందు రోజుల్లో చేస్తారు.

వీసా మూడు దేశాలకీ షెన్‌గెన్ ఒక్కటే. ఎక్కువ రాత్రులు ఎక్కడుంటే ఆ దేశానికి దరఖాస్తు చెయ్యాలి, సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. మాల్మోలో బస చేసి కోపెన్‌హాగెన్ చూసే ప్లాన్ అయితే దరఖాస్తు స్వీడన్‌కి వెళ్తుందన్నది గుర్తుంచుకోండి, చాలామంది విమానం దిగే ఊరు చూసి డెన్మార్క్ అనుకుంటారు.

వీసా చేతికొచ్చాక మొదట బెర్గెన్, స్టాక్‌హోమ్ లాంటి దూరపు రైళ్లు తీయండి. వాటి ధరలు విమానం టికెట్లలా రోజురోజుకీ పెరుగుతాయి. ఆ తేదీలు కుదిరాక హోటళ్లు. గోథెన్‌బర్గ్–ఓస్లో రైలు ఆ తర్వాత. వంతెన దాటే మాల్మో రైలు టికెట్ మాత్రం ఆ రోజు స్టేషన్‌కి నడుస్తూ ఫోన్లో తీసుకున్నా సరిపోతుంది.